ఫోటో బాగా వచ్చింది

ఆ ఫోటోల గోడ ఆలోచన గడగడదే. సర్టిఫికెట్లో పేరు వేరే ఏదో ఉంది గానీ, తను పనిచేసే జిరాక్స్ షాపు ఓనరు దగ్గర్నుంచి ఇంట్లో పిన్ని దాకా ఎవరూ దాన్ని వాడరు. రెండు నిమిషాలు ఎదురుగా కూర్చుంటే ఎందుకో మీకే తెలుస్తుంది. వార్డు ఎన్నికల్లో నిలబడింది కండక్టరమ్మ. ఇరవై ఏళ్లు సిటీ బస్సులో టికెట్లు కొట్టి, ఆ రూటు ఎత్తేస్తున్నారంటే బస్సుకి అడ్డంగా పడుకుని ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. అవతల ఉన్నది పదిహేనేళ్లుగా కుర్చీకి అతుక్కుపోయిన కౌన్సిలరు. కండక్టరమ్మ తరఫున తిరిగేవాళ్లలో గెలుస్తామని ఎవరికీ నమ్మకం లేదు, గడగడకి తప్ప.

అందుకే గోడ. "ఓటు మీకే" అన్న ప్రతి ఇంటివాళ్లనీ గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీసేది. "కొంచెం ఇటు జరగండి, డోర్ నంబరు పడాలి కదా!" అనేది. షాపులో ప్రింటు తీసి, తాము ఆఫీసు అని పిలుచుకునే పాత టైలరింగ్ గదిలో వరసగా అంటించేది. కాళ్లీడ్చుకుంటూ వచ్చినవాళ్లు ఆ నవ్వులు చూసి మళ్లీ కరపత్రాలు పట్టుకుని బయటికి పోయేవాళ్లు. నిజంగా పనిచేసింది! వంద దాటిన రోజు గడగడ ఆనందం పట్టలేక మొత్తం గోడని ఒక్క ఫోటోగా తీసి వార్డులో ఎవరి నంబరుంటే వాళ్లందరికీ పంపేసింది. కింద 'నూట పన్నెండు నవ్వులు! మీదెప్పుడు?' అని కూడా రాసింది.

ఎన్నికలకి తొమ్మిది రోజులుండగా, సోమవారం మధ్యాహ్నం ఆటో మావయ్య ఆఫీసుకి వచ్చాడు. గోడ మీద మొట్టమొదటి ఫోటో ఆయనదే.

"పొద్దున ఒకాయన ఇంటికొచ్చాడే. తెల్ల చొక్కా, మంచి మర్యాదస్తుడు. 'ఫోటో బాగా వచ్చిందండీ' అనేసి వెళ్లిపోయాడు."

"నేను చెప్పలా, హీరోలా ఉన్నారని!"

మావయ్య నవ్వలేదు. "మా ఆవిడ కూడా ఎప్పుడూ అనని మాట, వాడెందుకన్నాడా అని."

మంగళవారం స్టాండులో ఆయన ఆటోకి వంతు రాలేదు. అడిగితే లిస్టులో పేరే లేదన్నారు. రెండో ఫోటో ట్యూషన్ టీచరుది. ఆమె దగ్గరికొచ్చే పదకొండు మంది పిల్లల్లో తొమ్మిది మందికి ఒకే రోజు జ్వరమని కబురొచ్చింది. మూడో ఫోటో ఒక రిటైరైన తాతగారిది. వీధంతా నీళ్లొచ్చాయి, ఆయన కుళాయికి తప్ప. ముగ్గురి దగ్గరికీ ముందు రోజు అదే మనిషి వచ్చాడు, అదే ఒక్క మాట అన్నాడు.

"ఏమని కంప్లైంటు ఇస్తాం?" అన్నాడు మావయ్య. "ఫోటో బాగుందన్నాడని ఇస్తామా?"

గడగడ వెళ్లి గోడ ముందు నిలబడింది. పై వరస, ఎడమ నుంచి కుడికి, రోజుకి ముగ్గురు. ఇవాళ నాలుగు, ఐదు, ఆరు ఇళ్లకి వెళ్లాడట. కౌన్సిలరు మనుషులకి లోపలివాళ్లెవరూ చెప్పలేదు. తనే పంపింది, డోర్ నంబర్లతో సహా, వరస కూడా తప్పకుండా! కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. వెనకాల మిగతావాళ్లు "మనలోనే ఎవడో అమ్ముడుపోయాడు" అంటూ ఒకర్నొకరు అదోలా చూసుకుంటుంటే, తను తేలు కుట్టిన దొంగలా మూల కూర్చుంది. గడగడ అయిదు నిమిషాలు మాట్లాడకపోయేసరికి, ఒంట్లో బాలేదా అని ఇద్దరు అడిగారు.

తొమ్మిదో ఫోటో పిన్నిది.

అమ్మ పోయినప్పటి నుంచి పిన్నే అమ్మ. అయిదంతస్తుల అపార్టుమెంటులో మెట్ల కింద బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. దానికి కాగితం లేదు, పర్మిషన్ లేదు. చూసీ చూడనట్టు ఊరుకున్నారంతే. పైనుంచి ఎవరైనా ఒక్క మాట అంటే సాయంత్రానికి ఆ బల్ల రోడ్డు మీద ఉంటుంది, వీళ్లిద్దరి అన్నం దానితో పాటు.

"పిన్నీ, నీ ఫోటో గోడ మీంచి తీసేస్తున్నా."

"ఏం, అంత దరిద్రంగా ఉన్నానా?"

గడగడ ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. పిన్ని చేతిలో దుప్పటి మడత పెడుతూనే వింది.

"గోడ మీద నువ్వు తీస్తావు, సరే. వాళ్ల ఫోన్లో ఉన్నది ఎవరు తీస్తారే?" దుప్పటి పక్కన పెట్టి మళ్లీ అంది. "అయినా నేను నవ్వింది నువ్వు నవ్వమన్నావని. నీ కండక్టరమ్మ కోసమేం కాదు. ఆ సంగతి వాళ్లకి తెలీదు, పాపం."

గడగడకి బొటబొటా కన్నీళ్లు కారిపోయాయి.

"అటు తిరిగి ఏడువు. బట్టలు జనాలవి."

బుధవారం పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి బయట ఏడుగురు నిలబడి ఉన్నారు. ఎవరూ గొడవ చేయలేదు. ఎవరి ఫోటో వాళ్లకి ఇచ్చెయ్యమన్నారంతే, కళ్లలోకి చూడకుండా. గడగడ ఒక్కొక్కటే ఊడదీసి ఇచ్చింది. వాళ్లు వెళ్లాక కండక్టరమ్మ దగ్గరికి వెళ్లి, గోడ ఫోటో పంపింది తనేనని చెప్పేసింది.

"తప్పే. చిన్నది కూడా కాదు," అంది కండక్టరమ్మ. "మిగిలినవన్నీ నువ్వే ఇంటింటికీ తీసుకెళ్లి ఇచ్చి, ఏం జరిగిందో చెప్పు. ఫోను ఇక్కడ పెట్టి వెళ్లు."

"అందరూ దిగిపోతారక్కా."

"దిగేవాళ్లని దిగనియ్యి. చెయ్యి పట్టుకు లాగితే మనకీ వాళ్లకీ తేడా ఏముంది?"

"మరి బండి ఖాళీ అయిపోతే?"

"ఖాళీ బస్సైనా డిపోలోంచి టైముకే బయల్దేరాలి. తర్వాతి స్టాపులో ఎవరు నిలబడ్డారో ఇక్కణ్ణుంచి కనబడదు కదే."

గడగడ బయల్దేరింది. తలుపులు సగమే తెరుచుకున్నాయి. ఫోటో లోపలికి పోయింది, తలుపు మూసుకుంది. "మాకసలు ఓటే లేదమ్మా," అన్నారు మొదటింట్లో. రెండో ఇంట్లోనూ అదే మాట. నాలుగో ఇంట్లో కూడా, అక్షరం పొల్లుపోకుండా. ఎవరో కూర్చోబెట్టి నేర్పించినట్టు.

ఇవాళ తొమ్మిదో ఫోటో వంతు కూడా ఉంది కదా అని, పదకొండు గంటలకి పిన్ని దగ్గరికి పరిగెత్తింది. తెల్ల చొక్కా మనిషి అప్పటికే అక్కడున్నాడు, చేతిలో ఇంకో తెల్ల చొక్కాతో.

"ఇది ఇస్త్రీ చేసి పెట్టమ్మా. తొందరేం లేదు, ఎన్నికలయ్యాక వచ్చి తీసుకుంటా." బల్లని, గోడకి కొట్టిన మేకుని, ప్లగ్గుని తీరిగ్గా ఒక్కొక్కటే చూశాడు. "ఎన్నాళ్ల నుంచి ఇక్కడ?"

"పద్నాలుగేళ్లు."

"అబ్బో! నీ ఫోటో చాలా బాగా వచ్చిందమ్మా."

పిన్ని చొక్కా అందుకుంది. రేటు చెప్పలేదు. ఎవరి బట్టలైనా రేటు చెప్పకుండా పిన్ని అందుకోవడం గడగడ ఎప్పుడూ చూళ్లేదు.

"ఆ ఫోటోలన్నీ తీసింది నేనండీ," అంది గడగడ. "అందరివీ ఉన్నాయి మీ దగ్గర, నాదే లేదు. తీసుకోండి."

ఆయన మొహంలో మర్యాద ఒక్క క్షణం తడబడింది. "చిన్నపిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ?"

"ఓటుంది నాకు. ఆవిడ నేను నవ్వమంటే నవ్వింది, అంతే. తియ్యండి."

ఆయన మెల్లగా ఫోను పైకెత్తాడు.

"ఆగండాగండి," అంటూ గడగడ మెట్ల కింద నుంచి బయటికి, ఎండలోకి వచ్చి నిలబడింది. "కొంచెం ఇటు జరగండి. బల్ల పడకూడదు."

నవ్వుదామనుకుంది. పెదాలు పళ్లకి అతుక్కుపోయాయి. ఆయన తీశాడు, చూసుకున్నాడు. "బాగా వచ్చింది," అన్నాడు. ఆ మాట అంతకుముందు అన్నదానికన్నా నెమ్మదిగా అని, గేటు దాటి వెళ్లిపోయాడు.

పిన్ని ఆ చొక్కాని బల్ల మీద పరిచి, నీళ్లు చిలకరించి, కాలరు దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

"వాడి చొక్కాకి అంత శ్రద్ధెందుకు పిన్నీ?"

"తర్వాత వచ్చి తీసుకుంటానన్నాడుగా." చొక్కాని మేకుకి తగిలించింది. "ఇవ్వడానికి అప్పటికి మనం ఇక్కడుండాలిగా మరి." ఇటు తిరక్కుండానే అడిగింది. "ఉంటాం కదే?"

గడగడ సంచిలోంచి కరపత్రాల కట్ట తీసి మెట్లెక్కింది. అయిదో అంతస్తు, చివరి తలుపు. ఆ ఇంటికి ఇంతవరకూ ఎవరూ వెళ్లలేదు, ఫోటో కూడా తీయలేదు. బెల్లు నొక్కింది. లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదు.

మళ్లీ నొక్కింది.