ఓక్ చెట్లు తూగిన వారం

కొండ ఉత్తరపు వాలులోని ఓక్ చెట్లు నరికి పైన్ మొక్కలు నాటుదామని నబోర్ అనగానే గ్రామసభలో సగంమంది తలలూపారు. ఊరి కోతమిల్లు నడిపేది ఆయనే.

"గాలిలోని కార్బన్‌ను అడవిలో దాస్తామని ఊరంతా మాటిచ్చాం. చకచకా పెరిగే పైన్ ఉండగా ఈ వంకర మొద్దులెందుకు?"

"కొలిచి చూద్దాం బాబాయ్," అంది ఎలాదియా. ఓహాకా పట్నంలో కొలతల పని నేర్చుకొచ్చి అడవి కమిటీలో కొత్తగా చేరిందామె.

"కొలువు. కానీ నా కళ్ళముందే కొలవాలి."

పొగమంచులోనే ఇద్దరూ కొండెక్కారు. ఓక్ వాలులోనూ, పక్కనున్న పైన్ తోపులోనూ మానుల చుట్టుకొలత తీశారు, ఎత్తు చూశారు. బోలు బరమాతో తొలిచి ఒక్కో మాను లోపలినుంచి సన్నని చెక్కపుల్ల లాగాలి. పైన్‌లోకి బరమా వెన్నలో వేలులా దిగింది. ఓక్‌లో సగం దిగి బిగుసుకుపోయింది. ఎలాదియా చేతులు బొబ్బలెక్కాయి.

నబోర్ నవ్వి, "తప్పుకో పిల్లా," అని తనే పట్టుకున్నాడు. కాసేపటికి ఆయన మొహమూ కందగడ్డయింది. చివరికి ఇద్దరూ కలిసి తిప్పితేగాని ఊడిరాలేదు.

"ఇది చెట్టా, బండరాయా?"

"అంత గట్టిదనేగా కొలుద్దామన్నది!" అంది ఎలాదియా.

పుల్లల్లో నీరు పోతేగాని అసలు బరువు తేలదు. గాలివానకు కరెంటు పోయి కమిటీ గదిలోని ఆరబెట్టే యంత్రం ఆగిపోయింది. ఎలాదియా ఆ పుల్లలు పట్టుకుని ఊళ్ళో రొట్టెలు కాల్చే తియోదులా అత్త పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.

"నా రొట్టెల పక్కన పుల్లలా? ఎవరన్నా కొరికి పళ్ళూడగొట్టుకుంటే?"

"ఊడితే నబోర్ బాబాయ్‌వే ఊడతాయిలే అత్తా!"

అత్త పకపకా నవ్వి దారిచ్చింది. రొట్టెలు తీసి, వేడి కాస్త తగ్గాక పుల్లలు పెట్టేవారు. బరువు ఇక తగ్గదని తేలేదాకా అలాగే ఆరబెట్టారు.

తూచితే, అంతే పొడవున్న ఓక్ పుల్ల పైన్ పుల్లకు ఒకటిన్నర రెట్లు తూగింది. ఎండిన చెక్కలో దాదాపు సగం బరువు కార్బనే. కానీ పైన్లు ఎంత పొడుగు! వాలు మొత్తానికి లెక్క కడితే ఏమవుతుందో? ఎలాదియా లెక్క కట్టింది. నబోర్ ఆ లెక్క లాక్కుని మళ్ళీ తనే కట్టాడు. అదే వచ్చింది. ఓక్‌ల మధ్య పెరిగే ఎర్రబెరడు మద్రోన్యో చెట్లనూ కలుపుకుని, అంతే మేర పైన్ తోపుకన్నా ఆ ఓక్ వాలే ఎక్కువ దాచింది. నరికితే, మొక్కలు మళ్ళీ అంత దాచేసరికి ఓ తరం గడిచిపోతుంది.

సభలో ఎలాదియా అంతా చెప్పింది. జనం నబోర్ వంక చూశారు.

"అటు చూస్తారేం? బరమా తిప్పింది ఈ చేతులే. ఓడిపోయాను. ఓక్ ఉండాల్సిందే!"

చేతులన్నీ కేకలతో ఒక్కసారిగా లేచాయి. బయట సాధన చేస్తున్న ఊరి బాకాల మేళం ఆ కేకలు విని లోపలికే వచ్చేసింది. ఎలాదియాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తియోదులా అత్త ఆమె నడుం పట్టుకుని గిరగిరా తిప్పింది.

నబోర్ మెస్కాల్ సారా గిన్నెతో అడ్డం వచ్చాడు. "వచ్చే ఏడు తూర్పు వాలు కొలుద్దాం. ఈసారి నా పైన్ చెట్లే గెలుస్తాయి, చూస్కో!"

"రా బాబాయ్, రా!" అని బాకాల మోత మించి అరిచింది ఎలాదియా.