ముగ్గురుంటేనే పందెం

మైసూరులో ఏటా ముసలివాళ్లకు పరుగు పందాలు పెడతారు. డెబ్బై దాటినవాళ్లకు మైదానం చుట్టూ ఒక రౌండు. అయితే గీత మీద కనీసం ముగ్గురైనా నిలబడాలి. లేకపోతే మమ్మల్ని తీసుకుపోయి అరవై అయిదు దాటినవాళ్లలో కలిపేస్తారు. కిందటేడు అదే జరిగింది. నేనూ బచ్చప్పా ఇద్దరమే తేలాం. ఆ అరవై అయిదేళ్ల కుర్రవాళ్లు మమ్మల్ని వదిలేసి ఎటు పోయారో కూడా తెలియలేదు. మేం ఆఖరున చేరేసరికి జనం చప్పట్లు కొట్టారు, ప్రాణాలతో వచ్చినందుకు. ఆ అవమానం నాకు ఏడాదంతా అరగలేదు.

నా పేరు అనంతపద్మనాభ. కె.జి.ఎఫ్. బంగారు గనుల ఆఫీసులో గుమాస్తాగా చేశాను. గనులు మూతపడ్డాక ఏమీ తోచక, పొద్దున్నే, బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ గుట్టల పక్కన నడవడం మొదలుపెట్టాను. ఆ నడక ఎప్పుడు పరుగైందో నాకే తెలియదు. బచ్చప్పది పక్కనున్న కామసముద్రం. ఒకప్పుడు మా క్వార్టర్సుకు పాలు పోసేవాడు, ఇప్పటికీ ఆవుల్ని మేపుతున్నాడు. ఎప్పుడు పరిగెత్తినా ఆయన ముందు, నేను వెనక. చచ్చేలోగా ఒక్కసారి, మా ఈడువాళ్ల పందెంలోనే ఆయన్ని దాటాలి. నాకున్న కోరిక అదొక్కటే.

మూడో మనిషి కోసం ఊరంతా గాలించాం. డెబ్బై దాటినవాళ్లలో సగం మంది మంచాల్లో ఉన్నారు. మిగతావాళ్లకు ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి చిక్కవెంకటప్ప దొరికాడు. గని అడుగున రాతికి డ్రిల్లు వేసే పని చేసినవాడు. ఆ రాతిదుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంది. వీధి చివరిదాకా నడిస్తే గోడ పట్టుకుని నిలబడిపోతాడు. అందుకే పరిగెత్తమని మేం అడగలేదు. గీత మీద నిలబడి, తుపాకి పేలగానే పక్కకు తప్పుకుంటే చాలన్నాం. రూల్సులో ముగ్గురు నిలబడాలని ఉంది గానీ ముగ్గురూ చేరాలని ఎక్కడా లేదు. ఇలాంటి కిటుకులు గుమాస్తాకు కాక ఇంకెవరికి తడతాయి?

ఆయన భార్య సొన్నమ్మ మాత్రం నన్ను నమ్మలేదు.

"ఊరికే నిలబడేదానికి మైసూరు దాకా యాల సామీ?" అంది.

"మనిషి లెక్కకమ్మా. ఉరికేది మేమిద్దరమే."

"ఒగ అడుగు గూడా ఉరకనీయొద్దు. రాత్రిళ్లు పడుకుంటే ఊపిరాడదు ఈయప్పకి, కూసోనే నిద్రపోతాడు. నాకు మాటియ్యండి సామీ."

ఇచ్చాను. మర్నాడు చూస్తే చిక్కవెంకటప్ప తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు.

రైలు బంగారుపేట దాటేసరికి పెట్టె కిక్కిరిసిపోయింది. గనులు లేని ఊళ్లో పిల్లలకు పనెక్కడుంది, రోజూ ఇలా నిలబడే బెంగుళూరు పోయి వస్తుంటారు. బచ్చప్ప ఎవరినో బతిమాలి చిక్కవెంకటప్పకు కిటికీ పక్కన చోటు సంపాదించాడు. అంత గోలలోనూ ఆయన ఊపిరి పిల్లికూతలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"గని స్పోర్ట్సులో నేనూ ఉరికేవాణ్ణి సామీ," అన్నాడు కాసేపటికి. "మీకు గుర్తుండదు. మీరు షామియానా కింద కూసోనుంటిరి."

"మా ఆఫీసువాళ్లకు నిమ్మకాయ చెంచా పందెమే గదప్పా. అందులోనూ నేను ఓడినవాణ్ణే. నువ్వెట్ల ఉరికేవాడివి?"

"నా ముందర ఇంగొక మనిషి వీపు చూసింది లేదు," అన్నాడు ఆయన మామూలుగా. బచ్చప్ప నవ్వాడు. నేనూ నవ్వాను.

రాత్రికి సత్రంలో పడుకుని పొద్దున్నే మైదానానికి వెళ్లాం. కన్నడంలో మా ముగ్గురి పేర్లూ పిలిచారు. గీత మీద నిలబడ్డాం.

"పేలినంక పక్కకు జరగాల, అంతే గదా సామీ?"

"అంతే."

పేలింది. నేను బచ్చప్ప వీపు మీదే కళ్లు పెట్టి కదిలాను. ఇంతలో నా పక్కనుంచి తెల్లచొక్కా దూసుకుపోయింది. చిక్కవెంకటప్ప. బచ్చప్పను కూడా దాటేశాడు. తల నిటారుగా ఉంది, మోకాళ్లు పైకి లేస్తున్నాయి. అంత అందంగా పరిగెత్తే ముసలివాణ్ణి నేనెక్కడా చూడలేదు. "ఆగప్పా, ఆగు" అని అరిచాను. ఆయన ఆగలేదు.

మొదటి మలుపు తిరిగేసరికి ఆ పరుగు తెగిపోయింది. ముందు చేతులు జారాయి, తర్వాత నడుం వంగింది. బచ్చప్ప ఆగి ఆయన భుజం పట్టుకున్నాడు. నేను వాళ్లిద్దరినీ దాటాను. ముందు ఎవరూ లేరు, ట్రాకంతా నాదే. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణం నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషంలో కొంతదూరం పరిగెత్తాను కూడా. వెనక ఆ మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటున్న చప్పుడు వినబడి, ఇక కాళ్లు సాగలేదు. వెనక్కి వచ్చాను.

"పక్కకు రాప్పా, సొన్నమ్మకు మాటిచ్చినాను," అన్నాను.

"నేనియ్యలేదు గదా," అన్నాడు ఒక్కో మాటకూ ఆగుతూ. "పట్టుకోవద్దండి. గీత దాటనీండి."

ఎంత చెప్పినా వినలేదు. ఇద్దరం చెరోపక్కా నడిచాం. ఆయన ఆగినప్పుడు ఆగాం. తర్వాతి పందెంవాళ్లు ట్రాకు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నారు. గీత దగ్గర బచ్చప్ప అడుగు ఆపాడు, నేనూ ఆపాను. చిక్కవెంకటప్ప ముందు దాటాడు. జనం చప్పట్లు కొట్టారు. కిందటేడు మాకు కొట్టినవే.

గడ్డిలో కూర్చోబెట్టాం. పెదవులు నల్లబడ్డాయి. డాక్టరొచ్చి ఏదో పీల్పించి, ఊరికి పోగానే పెద్దాసుపత్రిలో చూపించమని మాతో విడిగా చెప్పి వెళ్లాడు. మెడలో ఎవరో పతకం వేశారు, దాన్ని చూసుకునే ఓపిక కూడా ఆయనకు లేదు. నా పందెం కోసం నేనే తెచ్చాను ఈ మనిషిని. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఊపిరి కాస్త కుదుటపడ్డాక చిక్కవెంకటప్ప అన్నాడు.

"సామీ, ముగ్గురు కావాల గదా మీకు. వచ్చే ఏటికి ఇప్పట్నుంచే ఇంగెవురినన్నా చూసి పెట్టుకోండి."

నువ్వున్నావు గదప్పా అనడం ఎంతసేపు? బచ్చప్ప తల వంచుకుని బూటు తాళ్లు విప్పుకుంటున్నాడు. ఆ మాట ఆయనైనా అంటాడేమోనని నేను చూశాను. ఆయన అనలేదు.

"చూస్తాంలే," అన్నాను.