తూము దాకా నాలుగు మాటలు

నాలుగు రోజులకోసారి గంగాభవాని తెల్లవారకముందే లేచి అన్నం వండేది. ఎండురొయ్యల పులుసు కాస్త చిక్కగా దించి, అన్నంలో కలిపి, అరచేతిలో పట్టేపాటి ముద్దలు చేసి తామరాకులో చుట్టేది. పైన వేసిన నారముడి ఒంటిచేత్తో లాగితే ఊడి రావాలి. తినే మనిషి రెండో చెయ్యి సైకిలు హ్యాండిలు మీద ఉంటుంది మరి. పొట్లం చంకన పెట్టుకుని, చీర మోకాళ్ళ పైకి బిగించి, గట్టు మీద నిలబడేది. పొద్దు తాటిచెట్టంత ఎత్తు ఎక్కేసరికి గుండుగొలను వైపు నుంచి సైకిలు గంట వినపడేది. మొగుడు వస్తున్నాడన్నమాట.

కనకరాజు ఆ సైకిలు ఎక్కి అప్పటికి రెండేళ్ళ మూడు నెలలైంది. ఇంకా దిగలేదు.

అతను ఎక్కింది ముప్ఫైనాలుగో సంవత్సరం వేసంగిలో. ఏలూరులో కాలవల ఇంజనీరు దొరగారి వంటింటికి కనకరాజు కొర్రమీనులు వేసేవాడు. దొరగారు ఉద్యోగం చాలించుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోతూ, ఏనాడూ పాచిపోయిన చేప ఇవ్వలేదన్న మెప్పుతో తన పందెం సైకిలు అతనికి ఇచ్చేశారు. సన్నటి నల్లటి సైకిలు. బ్రేకుల్లేవు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళతో పాటు కాళ్ళూ తిరగాల్సిందే. మధ్యలో కాళ్ళు ఊరికే పెట్టుకుని కూర్చునే వీలు లేదు. దొరగారే సీటు పట్టుకుని పది అడుగులు తోసి, "గుడ్, గుడ్" అని, రైలుకి వేళైపోతోందని వెళ్ళిపోయారు.

ఎక్కడం ఎలాగో కనకరాజు అడిగాడు. తొక్కడం ఎలాగో అడిగాడు. ఆపడం ఎలాగో మాత్రం అడగలేదు. కొల్లేట్లో పుట్టినవాళ్ళెవరూ అడగరు. గెడ వెయ్యడం మానేస్తే నీళ్ళే దోనెని పట్టుకుని నిలబెడతాయి. ఆగడం కూడా ఒక విద్యేనని లంకలో ఎవరికి తెలుసు?

పోనీ పడిపోవచ్చు కదా అంటే, తాటిదోనెలో నిలబడి వల విసిరే మనిషికి తూకం తప్పదు. ఉండి ఊళ్ళో దారికి అడ్డంగా గడ్డిమేటు వేసి చూశారు. దాని మీదుగా ఎక్కి దిగి వెళ్ళిపోయాడు. ఆకివీడులో నలుగురు మగాళ్ళు పట్టుకోబోతే ఫర్లాంగు దూరం ఈడ్చుకుపోయాడు, వాళ్ళు మళ్ళీ ఆ జోలికి రాలేదు. కామవరపుకోట ఎత్తులో సైకిలు చీమ నడకకి వచ్చేది గాని ఆగేది కాదు. రేవుల దగ్గర బల్లకట్టు మీదే గుండ్రంగా తిరుగుతూ ఏరు దాటేవాడు. తొక్కుతూనే నిద్రపోయేవాడు. ఈ ఊళ్ళన్నీ కలిపి నాలుగు రోజులకి ఒక చుట్టు.

ఊళ్ళు తొందరగానే అలవాటు పడ్డాయి. ఎవరైనా ఉత్తరం రాస్తే దారి పక్కన నిలబడి అందించేవారు. తాడేపల్లిగూడెంలో కాంపౌండరు ఇచ్చిన కొయినా బిళ్ళలు కనకరాజు చేతికిస్తే మలేరియాతో మూలుగుతున్న లంకకి మర్నాటికి చేరేవి. అతను విసిరేవాడు, వాళ్ళు చీర కొంగు పట్టేవారు. మనిషి మంచివాడు, సైకిలు ఆగదు, అంతే. ఒకరికి చెవుడు ఉంటుంది, ఒకరికి మెల్ల ఉంటుంది.

గంగాభవాని కూడా అలాగే అలవాటు పడింది. ఇంటి దగ్గర మొదలుపెట్టి తూము దాకా మొగుడి పక్కన పరుగెత్తేది. తూము దగ్గర గట్టు సన్నబడిపోతుంది, ఇద్దరు పట్టరు. అంత దూరంలో నాలుగు మాటలు పట్టేవి.

"కప్పు మార్చాలి మావా, కారుతోంది!"

"అంకయ్య బాబాయికి చెప్పు! పులుసులో ఉప్పు తగ్గిందే మొన్న!"

"పరుగెడుతూ తింటే అలాగే ఉంటుంది!"

"పరుగెడుతున్నది నువ్వు!"

అని నవ్వుతూ వెళ్ళిపోయేవాడు. చాలామంది పెళ్ళాలకి నాలుగు రోజుల్లో నాలుగు మాటలు కూడా దక్కవని గంగాభవాని తనకి తాను చెప్పుకునేది.

అత్తగారు సూరమ్మ మరపులో పడ్డాకే ఆ సర్దుబాటు చెడింది.

మొదట సూరమ్మ చేపల పేర్లు మర్చిపోయింది. జెల్లని చూపించి "ఇదేమిటే, మీసాలది?" అంది. తర్వాత ఏ రోజు ఏ వారమో మర్చిపోయింది, పండగలు మర్చిపోయింది, మొగుడు పోయి పదేళ్ళైందన్న సంగతి మర్చిపోయి, అన్నం వేళకి ఆయన కోసం వాకిట్లోకి తొంగి చూసేది. కానీ చేతిలోకి వచ్చినదాన్ని మాత్రం పోల్చుకునేది. జెల్లని చేత్తో పట్టుకోగానే "జెల్లే కదే, పిచ్చిదానా" అనేది. నూలుకండె చేతిలో పెడితే వేళ్ళు వాటంతటవే వల అల్లేవి, ఒక్క ముడి తప్పేది కాదు. రాత్రి గంగాభవాని కాళ్ళు పడుతుంటే కోడలి తల నిమిరి, "నువ్వటే గంగా" అనేది. తలమీద చెయ్యి వేసేదాకా ఎవరో అనుకునేది.

ఒకనాడు కనకరాజు వచ్చి వెళ్ళాడు. గంగాభవాని తూము దాకా పరుగెత్తి, రొప్పుతూ తిరిగి వచ్చింది. సూరమ్మ వల ఒళ్ళో పెట్టుకుని దారి వైపే చూస్తోంది.

"ఎవరే ఆ సైకిలాయన?" అంది. "పాపం, ఎప్పుడూ ఆగడు. ఇంట్లో ఎదురు చూసేవాళ్ళు ఎవరూ లేరు కాబోలు."

గంగాభవాని వెళ్ళి ముసలామె పక్కన కూర్చుంది. కన్నకొడుకు ముఖం ఆ చేతుల్లోకి వచ్చి రెండేళ్ళు దాటింది. ఇంకొన్నాళ్ళు పోతే ఆ చేతులు కూడా మర్చిపోతాయేమో. అప్పుడు ముఖం తెచ్చి పెట్టినా లాభం ఉండదు.

మర్నాడు అత్తగారిని చూస్తుండమని పక్కింటి సత్తెమ్మకి అప్పగించి, భీమడోలులో పాసింజరు బండి ఎక్కింది.

దొరగారి దగ్గర సైకిలు తుడిచిన అహరోను తాడేపల్లిగూడెంలో అద్దె సైకిళ్ళ షాపు పెట్టుకున్నాడని విన్నది. యాభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు, ఒంటి మీద దొరగారి పాత కోటు.

"కనకరాజు పెళ్ళాన్నండీ, ఆపడం నేర్పాలండీ," అంది గంగాభవాని.

"మీ ఆయన మా షాపు ముందునుంచే వెళ్తాడమ్మా. 'బ్యాకు ప్రెషరు, బ్యాకు ప్రెషరు' అని అరుస్తూనే ఉంటాను. దండం పెట్టి వెళ్ళిపోతాడు."

"అంటే ఏమిటండీ?"

అహరోను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్తే వచ్చేది కాదమ్మా. ముందు మీ కాళ్ళకి తెలియాలి. అప్పుడు మీ కాళ్ళు మీ ఆయన కాళ్ళకి చెప్పుకోవాలి."

షాపు వెనక అలాంటిదే ఒక సైకిలు ఉంది, ఎవరూ అద్దెకి తీసుకోనిది. గంగాభవాని గోచీ పెట్టి ఎక్కింది. ధాన్యం ఆరబోసే కళ్ళంలో అహరోను సీటు పట్టుకుని పరుగెత్తాడు. దోనె తూకం తెలిసిన మనిషి కాబట్టి గడియలో తొక్కేసింది. "ఇక ఆపండి!" అనగానే గెడ ఎత్తేసినట్టు కాళ్ళు బిగబట్టి ఊరుకుంది. పెడలు మోకాలిని ఎగదన్ని, ఆమెని వడ్లరాశిలో పారేసింది.

వడ్లు చెరుగుతున్న ఆడవాళ్ళు నడుములు పట్టుకుని నవ్వారు. "ఏమమ్మోయ్, ఇక్కడ చేపలు లేవు! మా వడ్లలో మునిగావేం?" అంది ఒకావిడ.

"మునిగినా మీ వడ్లకి బరువే గాని నష్టం లేదులే!" అంటూ గంగాభవాని లేచి దులుపుకుంది.

"చూశారా," అన్నాడు అహరోను. "నీళ్ళ మీద వదిలేస్తే ఆగుతుంది. నేల మీద వదిలేస్తే ఆగదు. పట్టుకుంటేనే ఆగుతుంది. కిందికి దిగే కాలుతో మనకి పని లేదు. వెనకనుంచి పైకి లేచే కాలు ఉంది చూడండి, దాని మీద బరువు వెయ్యండి. ఒక్కసారి కాదు. లేచినప్పుడల్లా కాస్త."

నాలుగు రోజులు వెళ్ళి వచ్చింది. మోకాళ్ళు వాచాయి. రెండో రోజు సైకిలు నెమ్మదించింది. మూడో రోజు గట్టిగా ఆపే పద్ధతి చెప్పాడు: పెడళ్ళు రెండూ ఒక్క ఎత్తులో ఉన్నప్పుడు, ఒళ్ళు హ్యాండిలు మీదికి వంచి, సీటు మీద బరువు తీసేసి, మోకాళ్ళు బిగించాలి. అప్పుడు వెనక చక్రం తిరగడం మాని జారుతుంది. అలా జానెడు జానెడు జారించుకుంటూ ఆపాలి. నాలుగో రోజు సాయంత్రం ఆమెకి ఉన్నట్టుండి అర్థమైంది. వరదరోజుల్లో కాలవ వాలున దోనె కొట్టుకుపోతుంటే గెడని వెనక్కి ఆనించి, పట్టి వదిలి, పట్టి వదిలి, రేవుకి చేర్చరూ? అదే ఇది. కళ్ళం అంచున ముందు చక్రం గోడకి బెత్తెడు దూరంలో ఉండగా ఆగింది. వడ్ల ఆడవాళ్ళు చేటలు కింద పెట్టి చూశారు.

"మా చేత ఇంక చెప్పించుకోవాల్సింది లేదమ్మా," అన్నాడు అహరోను.

ఇక మొగుడికి నేర్పాలి. తూము దాకా నాలుగు మాటల్లో.

"లేచే కాలు బరువు చెయ్యి మావా! వరదలో గెడ పట్టినట్టు!" అంది మొదటిసారి.

"ఎవరు చెప్పారే నీకు?"

"నా మోకాళ్ళు! పట్టి వదులు, పట్టి వదులు!"

నాలుగు రోజుల తర్వాత వచ్చినప్పుడు గంట కాస్త నిదానంగా మోగింది. గంగాభవాని పరుగెత్తింది గాని మునుపటంత రొప్పలేదు. తూము దాకా ఆరు మాటలు పట్టాయి.

"తొడలు పీకేస్తున్నాయే గంగా!"

"నాకూ పీకాయి! ఆముదం తెచ్చాను, పట్టు!"

"ఇంతకీ ఇప్పుడు నన్ను ఆపడం ఎందుకే? ఊళ్ళన్నీ నా కోసం చూస్తుంటాయి."

ఆమె ముందుకు చూసింది. తూము దగ్గరపడింది. "మీ అమ్మ నిన్ను ఎవరని అడుగుతోంది," అంది.

కనకరాజు వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళిపోయాడు. గట్టు మలుపు తిరిగే దాకా ముఖం ఇటే ఉంది.

మరుసటి చుట్టుకి వంగడం, సీటు వదలడం, మోకాళ్ళు బిగించడం చెప్పింది. ఆ పై చుట్టుకి అతను వెళ్ళిన దారిలో గట్టు మట్టి మీద జానెడు జానెడు గీతలు కనపడ్డాయి. గంగాభవాని వంగి వాటిని ముట్టుకుంది. లోతుగా పడ్డాయి.

ఆ పై అతను వచ్చే రోజున పొట్లం కట్టలేదు. అన్నం కంచంలోనే వడ్డించి మూత పెట్టి, అత్తగారి చెయ్యి పట్టుకుని గట్టు ఎక్కించింది.

"ఎక్కడికే?"

"ఊరికే, గాలికి."

గంట వినపడింది. చాలాసేపు వినపడుతూనే ఉంది, మనిషి కనపడడే. ఆఖరికి మలుపులోంచి వచ్చాడు. వంగుతున్నాడు, లేస్తున్నాడు, వంగుతున్నాడు. నుదుటి చెమట గడ్డం మీదుగా కారుతోంది. దగ్గరికి వచ్చేసరికి సైకిలు ముసలివాళ్ళ నడకలో పడింది. గంగాభవాని అత్తగారి చెయ్యి తీసి అతని భుజం మీద వేసింది.

సూరమ్మ తీసెయ్యలేదు. పక్కన నడవసాగింది. చొక్కా మీద చెయ్యి, చొక్కా కింద ఎవరో ఆ చేతికి ఇంకా తెలియలేదు.

"ఏ ఊరు బాబూ మీది?"

"ఈ ఊరేనమ్మా."

"ఎవరబ్బాయివి?"

కనకరాజు ఒకసారి వంగి లేచాడు. "సూరమ్మ కొడుకుని."

"సూరమ్మా? మంచిదే," అంది సూరమ్మ. "కాస్త నోరు పెద్దది."

వెనక నడుస్తున్న గంగాభవాని కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

తూము ఇంకా ఇరవై అడుగులుంది. సూరమ్మకి ఆయాసం వచ్చింది. నాలుగు అడుగులు వేసి, ఇంక నావల్ల కాదన్నట్టు ఉన్నచోటే నిలబడిపోయింది. చెయ్యి మాత్రం భుజం మీదే ఉంది. చక్రం ఇంకొక్క చుట్టు తిరిగితే ఆ చెయ్యి జారిపోతుంది.

"మావా!" అంది గంగాభవాని.

పెడళ్ళు రెండూ ఒక్క ఎత్తుకి వచ్చాయి. కనకరాజు ముందుకు వంగి, ఒళ్ళంతా మోకాళ్ళలోకి తెచ్చుకుని పట్టాడు. చక్రం కీచుమంది. ఆగింది.

రెండేళ్ళ తర్వాత మొదటిసారి చుట్టూ ఏదీ కదలలేదు. గట్టు కదలలేదు, గూడబాతులు వాలిన చెట్లు వెనక్కి పోలేదు. కాలు దించాలన్న సంగతి గంగాభవాని చెప్పలేదు, అతనికి తోచలేదు. ఒక్క క్షణం బొమ్మలా నిలిచి, తల్లి చేతితో సహా పక్కకి ఒరిగి, ఇద్దరూ మెల్లగా జారి గట్టు వాలున తూటికాడల మీద కూలబడ్డారు.

సూరమ్మ ముందు తేరుకుంది. పక్కనున్న మనిషి ముఖం నిండా బురద. అలవాటుకొద్దీ కొంగు చివర ఉమ్మితో తడిపి, గడ్డం ఒడిసిపట్టుకుని తుడవసాగింది. నుదురు తుడిచింది, ముక్కు తుడిచింది. కుడి చెవి వెనక తుడవబోతే చిన్నప్పటి గాయపు మచ్చ వేళ్ళకి తగిలి చెయ్యి ఆపేసింది. మళ్ళీ ముఖమంతా రెండు చేతులతో తడిమింది.

"ఏరా కనకా," అంది. "ఇంత చిక్కిపోయావేం? అది అన్నం పెట్టడం లేదురా?"

"నాలుగు రోజులకోసారి పెడుతోందమ్మా," అన్నాడు కనకరాజు, తల్లి ఒళ్ళో ముఖం దాచుకుని. కాళ్ళు ఇంకా గాలిలో తిరుగుతూనే ఉన్నాయి. వాటికింకా కబురు అందలేదు.

గంగాభవాని వాళ్ళని కాసేపు అలా వదిలేసి సైకిలు లేపింది. హ్యాండిలుకి సంచీ వేలాడుతోంది. అందులో ఉత్తరాలు, కైకలూరు అవతల ఒక పసిదానికి కొయినా బిళ్ళలు. పొట్లం మీద 'అర్జెంటు' అని రాసి ఉందని కనకరాజు చెప్పాడు. అతను లేవబోయాడు గాని మోకాళ్ళు నిలవలేదు.

"నువ్వు కూర్చో. కంచంలో అన్నం ఉంది, ఇద్దరూ తినండి," అంది గంగాభవాని. గోచీ బిగించింది.

సన్నటి నల్లటి సైకిలు తూము మీదుగా దాటి ఏలూరు వైపు సాగింది. సూరమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవర్రా ఆ వెళ్ళేది?"

"నీ కోడలమ్మా."

"దానికి ఆపడం వచ్చా?"

"వచ్చమ్మా. నాకు నేర్పింది అదే."

"అయితే వెళ్ళనీ," అంది సూరమ్మ. కొడుకు తిరుగుతున్న మోకాలి మీద చెయ్యి వేసి, అది నెమ్మదించేదాకా అలాగే ఉంచింది.