జానెడు తెరిచిన తలుపు

"మీ కళ్ళద్దాలు మళ్ళీ ఎడమవైపు వాలాయి మేడమ్. ఇలా ఇవ్వండి."

కౌన్సెలర్ వద్దనేలోపే ఆ అమ్మాయి బల్ల మీదుగా చెయ్యి చాపింది. సంచిలోంచి అగ్గిపుల్లంత స్క్రూడ్రైవర్ తీసి మర బిగించి, అద్దాలను మెత్తటి గుడ్డతో తుడిచి అందించింది. కళ్ళద్దాల షాపులో పని ఆమెది. రోజంతా ఎవరో ఒకరి చూపు సరిచేస్తూ ఉంటుంది.

"ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"ఇప్పుడే బాగుంది. ఇంతకీ నువ్వు నా దగ్గరికి నయం చేసుకోవడానికి వస్తున్నావా, నా అద్దాలు నయం చెయ్యడానికి వస్తున్నావా?"

"మీ చూపు బాగుంటేనే కదండీ నా జబ్బు మీకు కనిపించేది!"

కౌన్సెలర్ హాయిగా నవ్వింది. ఈ అమ్మాయి తన దగ్గరికి రావడం ఇవాళే ఆఖరు అని ఉదయమే నిర్ణయించుకుంది.

రెండు నెలల క్రితం సంగతి వేరు. షాపులో అద్దం అరగదీసే మిషను ముందు ఈ పిల్ల కొయ్యబొమ్మలా నిలబడిపోయింది. అద్దం పగిలింది. యజమాని పేరు పెట్టి అరిచినా పలకలేదు. అప్పుడే వాళ్ళన్నయ్య వెంటబెట్టుకొచ్చాడు. చిన్నప్పుడే అమ్మానాన్న పోతే చెల్లెల్ని పెంచింది ఆయనే.

మొదటి రోజే నెమ్మదిగా ఒక మాట చెప్పాడు. "మూసిన గదులంటే దానికి భయం మేడమ్. తలుపు కాస్త తెరిచి ఉంచండి చాలు. నేను బయటే కూర్చుంటాను."

ఇంత శ్రద్ధగా గమనించి చెప్పేవాళ్ళు ఎందరుంటారు? కౌన్సెలర్ తలుపు కింద రబ్బరు ముక్క దూర్చి జానెడు సందు ఉంచింది. "ఇలా ఫర్వాలేదా?" అని అమ్మాయినీ అడిగింది. "మీ ఇష్టం మేడమ్" అంది అమ్మాయి. అప్పట్నుంచి ఆ సందు మూతపడలేదు.

ఆ తర్వాత అంతా నల్లేరు మీద బండి. మిగతా క్లయింట్లు అలుగుతారు, గడియారం చూస్తారు, చెప్పాపెట్టకుండా మానేస్తారు. ఈ పిల్ల ముందే వచ్చి కూర్చుంటుంది. చెప్పిన అభ్యాసమల్లా చేస్తుంది. అడిగిందానికల్లా అవునంటుంది. వెళ్ళేటప్పుడు "మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో" అంటుంది.

ఇవాళ తేలాల్సింది ఒక్కటే. అమ్మాయి ఉండేది షాపు పక్క వీధిలో, ఉద్యోగం చేసే ఆడవాళ్ళ హాస్టల్లో. ఉద్యోగం మాన్పించి తనింటికి తీసుకుపోతానంటున్నాడు అన్న. "మీరు సరేనంటే ఈ సాయంత్రమే సామాను సర్దేస్తాం మేడమ్. మీ మాటంటే దానికి వేదం." సరేనని చెప్పడానికే సిద్ధపడింది కౌన్సెలర్. కాసేపట్లో ఆయన్ని లోపలికి పిలిచి చెప్పడమే తరువాయి.

అవతల గదిలో అత్తగారి గొంతు ఖంగుమంటోంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంటి ముందు భాగంలో కోడలు ఈ రెండు గదులు తెరిచినప్పట్నుంచి వచ్చేపోయేవాళ్ళను చూసుకునేది ఆవిడే.

"నీలాంటి అన్న ఉంటే ఇంక దిగులేముంది బాబూ! మా తమ్ముడూ ఉన్నాడు. నా ఫోన్ నంబరు వాడికి జ్వరమొస్తేనే గుర్తొస్తుంది."

"నాదేముంది పిన్నిగారూ. ఇంతకీ లోపల ఏం మాట్లాడిందో నాకు ఒక్క ముక్క చెప్పదు. నేనూ అడగను. దాని మనసు దానిది."

"అదీ సంస్కారమంటే!"

అప్పుడే కరెంటు పోయింది.

కౌన్సెలర్ నెత్తిమీది ఫ్యాను పాతది. తిరిగినంతసేపూ రోలు దొర్లించినట్టు మోత. అది మూలిగి మూలిగి ఆగింది. గది ఒక్కసారిగా చెవిటిదైపోయినట్టనిపించింది.

ఆ నిశ్శబ్దంలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

కౌన్సెలర్ ఉలిక్కిపడింది. తన భుజం వెనకే దగ్గినట్టుంది. తల తిప్పి చూసింది. తలుపు సందులోంచి చెప్పుల కొన, కుర్చీ కాలు కనిపించాయి. అన్నగారి కుర్చీ ఎప్పుడూ ఎదుటి గోడ దగ్గర ఉండాలి కదా! తలుపును ఆనుకుని ఎందుకుంది?

"అత్తయ్యా, ఆ కుర్చీ ఇటు జరిపారేమిటి?" కూర్చునే కేకేసింది.

"ఇవాళ జరిపింది కాదే! మొదట్నుంచీ, నువ్వు లోపలికెళ్ళాక అక్కడికే. గోడ దగ్గర గాలి తగలదని బాబే అడిగాడు, నేనే జరిపించాను."

మొదట్నుంచీ.

గోడలకు చెవులుంటాయంటారు. ఇక్కడ కుర్చీకున్నాయి.

ఎదురుగా ఉన్న అమ్మాయి నవ్వు ఇంకాస్త విచ్చుకుంది. "మీ గది ఎంత చల్లగా ఉంటుందో మేడమ్. ఇక్కడికొస్తే ప్రాణం హాయిగా ఉంటుంది."

ఫ్యాను లేదు. అమ్మాయి పెదవి మీద చెమట ముత్యాల్లా నిలిచింది. బల్ల కింద వేళ్ళు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటున్నాయి. బయట కుర్చీ కిర్రుమంది. నవ్వు మరికొంచెం పెద్దదైంది.

ఇన్ని వారాలూ ఈ నవ్వు తన మాటలకు రాలేదు. ఆ కిర్రుకు వచ్చింది. ఫ్యాను మోత తనను చెవిటిదాన్ని చేసింది. అలవాటైన ఆ పిల్ల చెవి మాత్రం ప్రతి కిర్రునీ పట్టుకుంది.

భయపడ్డ మనిషి తిరగబడతాడు, పారిపోతాడు, లేదా కొయ్యబారిపోతాడు. నాలుగో రకం కూడా ఉంది. ఎదుటివాళ్ళను మెప్పించి బతికి బయటపడతారు. ఈ పాఠం కౌన్సెలర్ చదివింది, జూనియర్లకు చెప్పింది కూడా. అదే పాఠం ఎదురుగా కూర్చుని తన కళ్ళద్దాలు తుడిచిస్తుంటే నయమైపోయిందనుకుంది.

అయినా రూఢి చేసుకోవాలి. మామూలు గొంతుతో ఒక తప్పు మాట వదిలింది.

"కాలేజీ రోజుల్లో మీ అమ్మ నిన్ను బాగా చూసుకునేది కదూ?"

"అవునండి. చాలా బాగా."

అమ్మ మొహం కూడా గుర్తులేదని ఇదే కుర్చీలో కూర్చుని చెప్పిన పిల్ల!

కౌన్సెలర్ లేచింది. "వీధిలోంచి దుమ్మొస్తోంది, తలుపు వేస్తానుండు."

"వద్దు!"

ఆ అమ్మాయి నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. గుసగుసగా, కత్తితో కోసినట్టు వచ్చింది. కళ్ళు తలుపు సందు మీదున్నాయి. నవ్వు మాత్రం పెదాల మీద ఎవరో మర్చిపోయిన వస్తువులా అలాగే ఉంది.

అర్థమైంది. తలుపు మూస్తే లోపల ఏదో చెప్పినట్టే లెక్క. ఆ లెక్క బయటికెళ్ళాక అన్నకు ఈ పిల్లే అప్పజెప్పాలి.

కౌన్సెలర్ మళ్ళీ కూర్చుంది. బయటికి వినబడేలా గొంతు పెంచింది.

"సరే, మన అభ్యాసం ఒకసారి చేద్దాం. కళ్ళు మూసుకో. గాలి నెమ్మదిగా పీల్చు..."

ఇద్దరూ కళ్ళు మూసుకోలేదు. నోరు కంఠతా వచ్చిన వాక్యాలు వల్లిస్తుంటే కౌన్సెలర్ చెయ్యి బల్ల మీద కదిలింది. అమ్మాయి ఎప్పుడూ బల్ల మీద పెట్టే రెండు వస్తువుల్ని దగ్గరికి లాగింది. ఒకటి హాస్టల్ గది తాళంచెవి. రెండోది అన్నయ్య ఇంటినుంచి నింపి తెచ్చే స్టీలు నీళ్ళ సీసా. బయటి నీళ్ళు తాగనివ్వడు. రెంటినీ పక్కపక్కన నిలిపి అమ్మాయి వైపు జరిపి, ఏది అన్నట్టు చూసింది.

"...భుజాలు వదులు చెయ్యి. నీకు ఇష్టమైన చోట ఉన్నావు. అక్కడ నిన్ను ఎవరూ తొందరపెట్టరు..."

అమ్మాయి చెయ్యి బల్ల కిందనుంచి పైకొచ్చింది. తాళంచెవిని ముట్టుకుంది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. కౌన్సెలర్ గొంతు తడబడకుండా సాగుతోంది. ఈసారి చెయ్యి తాళంచెవి మీద పడి పిడికిలి బిగిసింది. రెండో చేతి వేలితో సీసాను నెట్టింది. బల్ల మధ్యకు. ఇంకా అవతలికి. అంచుకు.

సీసా నేలమీద ఖణేల్మని పడింది.

తలుపు భళ్ళున తెరుచుకుంది. "ఏమైంది చిన్నీ?"

"ఏం లేదన్నయ్యా, చెయ్యి తగిలింది." నవ్వింది. పిడికిలి ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

అన్న నిండుగా నవ్వాడు. వెన్న రాసినట్టుండే మొహం. "మొద్దు పిల్ల! మరి సెలవిప్పించండి మేడమ్. హాస్టల్లో సామాను సర్దుకోవాలి."

తలుపు దగ్గర పొంచి వింటున్నాడని ఇప్పుడు అతని మొహమ్మీదే అంటే? అతను ఒప్పుకోడు. పిల్ల అన్నీ కాదంటుంది. ఇద్దరూ ఒకే బండి మీద వెళ్ళిపోతారు. మళ్ళీ కనిపించరు. కౌన్సెలర్‌కు ఒక్కటే దారి తోచింది. నింద తన మీద వేసుకోవడం.

"ఇవాళ పంపలేనండి. నా అంచనా తప్పింది. ఇంకా నయం కాలేదు. కొన్నాళ్ళు హాస్టల్లోనే ఉండాలి. ఇక్కడికి కూడా షాపునుంచి ఒంటరిగా రావాలి."

"ఒంటరిగానా? ఇప్పటిదాకా నవ్వుతూనే ఉందిగా? పోయినవారం మీరే అన్నారు కదా మేడమ్, 'మీ అన్నయ్య దగ్గరుంటే నీకు ధైర్యంగా ఉంటుంది' అని?"

జవాబు గుమ్మంలోంచి వచ్చింది.

"నీకెలా తెలుసు బాబూ?" అత్తగారు చేతిలో విసనకర్రతో నిలబడింది. "లోపలి సంగతి అది చెప్పదు, నువ్వడగవు అన్నావు కదా ఇందాక. నా ఉద్యోగమంతా వైర్ల మీద మాటలు కలపడమే. మధ్యలో ఎవడైనా వింటుంటే నాకు తెలిసేది. ఈ ఒక్కడి దగ్గర మాత్రం వెర్రిబాగులదాన్నయ్యాను."

అతను తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం ఆగాడు. ఒక్క క్షణమే. వెంటనే వంగి సీసా తీసి, దుమ్ము తుడిచి, చెల్లెలి వైపు తిరిగాడు. గొంతు మరీ మెత్తబడింది.

"వీళ్ళనెందుకు అడగడం? నువ్వే చెప్పు చిన్నీ. ఇంటికి రావాలనుందా, లేదా? నీ మనసులో ఉన్నదే చెప్పు."

ఈ ప్రశ్నకు జవాబేమిటో అతనికి తెలుసు. కౌన్సెలర్‌కూ తెలుసు.

"నీ ఇష్టం అన్నయ్యా" అంది అమ్మాయి.

అతను గెలిచినట్టు చూశాడు.

"విన్నారా?" అంది కౌన్సెలర్, అతనికంటే ముందుగా. "తన ఇష్టమేమిటని మీరడిగితే మీ ఇష్టమని చెప్పింది. ఇదే తగ్గాల్సిన జబ్బు. ఇది తగ్గేదాకా నేను పంపను. షాపు యజమానికి నేనే ఫోన్ చేస్తాను, హాస్టల్ వార్డెన్‌కూ చేస్తాను. వాళ్ళిద్దరికీ అన్నీ చెబుతాను."

మొహమ్మీది వెన్న కరిగిపోయింది. కింద ఉన్నది కాసేపు కనిపించింది. ఈ మొహాన్ని ఆ పిల్ల ఎన్నిసార్లు చూసి ఉంటుంది?

"చదువుకున్నవాళ్ళు, మీరెలా చెబితే అలాగే" అన్నాడు. "బయట కూర్చుంటాను."

"బయటంటే గేటు బయట" అంది అత్తగారు. "కుర్చీ నాకు కావాలి. మోకాళ్ళ నొప్పులు."

అతని అడుగులు దూరమయ్యాయి. అత్తగారు కుర్చీని నేల గీసుకుపోయేలా ఈడ్చుకుంటూ ఎదుటి గోడదాకా తీసుకెళ్ళిన చప్పుడు వినిపించింది.

అమ్మాయి లేచింది. వెళ్ళిపోతుందేమోనని కౌన్సెలర్ సగం లేచింది. అమ్మాయి వంగి తలుపు కింది రబ్బరు ముక్క లాగేసింది. తలుపు మూసి, లోపలి గడియ వేసి, దాని మీద చెయ్యి ఉంచి అలాగే నిలబడింది.

"మూసిన గదులంటే నాకు భయం లేదు మేడమ్" అంది, తలుపుతో చెబుతున్నట్టు. "అన్నయ్య ఇంట్లో నా గదికి గొళ్ళెం బయటవైపుంటుంది."

వచ్చి కూర్చుంది. ఆ మొహంలో నవ్వు లేదు. నవ్వు లేని ఆ మొహం కౌన్సెలర్‌కు కొత్తది. వయసు పైబడినట్టు, అలసిపోయినట్టు ఉంది.

"మీ అద్దాలు మళ్ళీ వాలాయండి."

"వాలనీ."

అమ్మాయి చెయ్యి సంచి వైపు వెళ్ళబోయి ఆగింది. తిరిగి వచ్చి తాళంచెవి మీద పడింది.

గేటు బయట బండి స్టార్టు చేసిన చప్పుడు ఇంకా రాలేదు. ఇద్దరూ దానికోసమే చెవులు రిక్కించి ఉన్నారు. కరెంటు రాలేదు, ఫ్యాను తిరగలేదు, బండి కదల్లేదు.

"మొదటిసారి గొళ్ళెం వేసినప్పుడు..." అంటూ అమ్మాయి చిన్న గొంతుతో మొదలుపెట్టింది.