తుంగయు మోయినును

శరత్సమాగమంబునఁ గలఁకదేఱిన కొల్లేటి జలంబులు తీరభూములనుండి మెల్లమెల్లన వెనుదీయ నవపంకగంధమిళితమందమారుతంబునకుఁ దలలూఁచు తుంగదుబ్బుల నడుమ జలపక్షులు కలకలంబు సేయుచుండ నా యూబిగట్టున సర్వే దొరయగు లానిగన్ గుడారమున సింగరాచార్యుఁడను దుబాసి తలవంచుకొని కూర్చుండెను. వ్యాకరణంబున నాతనిఁ దలఁదన్నువాఁడు లేఁడు. అయిననేమి, పప్పులోఁ గాలువేయుట పండితులకుఁ గ్రొత్తయా!

తొల్నాఁడు దొర "ఇది యెట్టి నేల?" యని యడుగఁగా నాతఁడు నిఘంటువు తిరుగవేసి "ఊబి. అనఁగా నిరుపయోగభూమి" యని చెప్పెను. దొర యట్లే వ్రాసికొనెను. ఆ వ్రాఁత స్థిరమయ్యెనేని యందుఁ దుంగ గోసి చాఁపలల్లి బ్రదుకు నిరువదియిండ్లవారికి నా నేలఁ గాలుపెట్టు హక్కు పోవును.

తెల్లవాఱుటయే తడవుగాఁ జాఁపలల్లు నాంచారమ్మ వచ్చి మొత్తుకొనెను.

"అయ్యోరూ, పనికిరాందని ఎట్టా సెప్పావయ్యా? మాకు తుంగంటే గడ్డీ అదే, నేలా అదే. తుంగకెల్లొత్తానంటే పసిబిడ్డక్కూడా తెలుసుద్దే!"

ఆ మాట యాచార్యుని గుండెలో ముల్లువలె నాటెను. తప్పొప్పుకొన్నచోఁ గొలువు పోవునేమోయని భయము, ఊరకున్నచోఁ బాపభీతి. తుదకు దొరను డొంకతిరుగుడుగా నడిగెను.

"దొరవారూ, మీ యైర్లండు మాతృభాషయందు నూబినేమందురు?"

దొర మోము వికసించెను. ఆచార్యునొద్దఁ దెలుఁగు నేర్చినవాఁడగుటచేఁ బుస్తకమువలెనే మాటలాడును.

"మోయిన్. స్త్రీలింగము. షష్ఠియందు మోనా యగును. 'అన్' అను చిన్నపదము ముందు నిలిచెనేని మకారము మెత్తఁబడి 'అన్ వోయిన్' అగును."

"ఔరా! వాఁడు పోయె ననునది వాఁడువోయె నగునట్లు! మా గసడదవాదేశమునకుఁ జుట్టమే!" యని యాచార్యుఁడు భయము మఱచి తొడ చఱచుకొనెను. పిమ్మట మెల్లఁగా "ఆ పదమునకు నర్థాంతరము గలదా?" యనెను.

దొర చేతి కలము ప్రక్కనుంచెను.

"కలదు. ఆ నేలఁ గోసి యెండఁబెట్టి వంటచెఱకుగాఁ బొయ్యిలోఁ గాల్చు మంటిపెళ్లయు మోయినే. మా యవ్వ దానిపై వండియే మమ్ముఁ బెంచినది."

"చాఁపలల్లు నాంచారమ్మకును నట్లే, దొరవారూ. నేలయుఁ దుంగయే, గడ్డియుఁ దుంగయే. నిరుపయోగమనుట నా తప్పు."

దొర యాతనివంకఁ జూచెను, వాకిట నిలిచిన నాంచారమ్మ వంకఁ జూచెను. కలము ముంచి మున్నటి వ్రాఁత కొట్టివేసి "తుంగ. చాఁపలవారి జీవనభూమి" యని వ్రాసెను.

"సల్లంగుండు దొరా!" యని కన్నీరు తుడుచుకొని నాంచారమ్మ కొడవలి నడుమునఁ జెక్కి తుంగకుఁ బోయెను. ముందు నిలిచిన చిన్నమాటకు మెత్తఁబడుట యక్షరములకే కాదు మనుష్యులకును గలదను సూత్రము నాచార్యుఁడు నాఁడే నేర్చెను.