కుసుమ నన్ను నమ్మని రోజు

నేను ఒక కాలిక్యులేటర్‌ని. జేబులో దూరే రకం కాదు, బల్ల మీద దర్జాగా కూర్చునే రకం. ఏ కార్ఖానాలో పుట్టానో గుర్తులేదు. నాకు తెలివి వచ్చింది మాత్రం తణుకులో గంగరాజు గారి స్టీలు సామాన్ల కొట్టులో. ఆయన లెక్కంతా నోటితోనే చేసేసి, బేరానికొచ్చినవాళ్ళ నమ్మకం కోసం నన్ను నొక్కి చూపించేవారు. జవాబు ముందే తెలిసిన మనిషికి నేనెందుకో నాకు బోధపడేది కాదు. పైసలంటే ఆయనకు చిరాకు. నా నుదుటి మీద ఒక చిన్న జారుడు మీట ఉంటే, దాన్ని సున్నా దగ్గరికి తోసేశారు. అది మొదలు, జవాబులో చుక్క తర్వాత ఏమొచ్చినా మింగేసి, దగ్గర్లో ఉన్న పూర్తి అంకె చెప్పడం నా పనైంది.

కొన్నాళ్ళకు ఆయన నన్ను మేనకోడలు కుసుమకు ఇచ్చారు. ఆ అమ్మాయి ఆడిటర్ కావాలనుకుంటోంది.

"ఆడిటరంటే లెక్కలు రావద్దటే? పదో క్లాసులో నువ్వు గట్టెక్కడానికే దేవుళ్ళందరికీ మొక్కాను" అంది వాళ్ళమ్మ.

ఏ లెక్కలు రావాలో నాకూ తెలియదు. సైన్లు, కాస్‌లు అక్కర్లేదట. శాతాలు, నిష్పత్తులు, వడ్డీలు, సగటులు వస్తే చాలట. చదువు సంగతి ఇంకా గందరగోళం. ఇంటర్ పాసయ్యాక ఫౌండేషన్ అనే పరీక్ష రాయాలట. అదయ్యాక ఇంటర్మీడియట్ అట. "అదెప్పుడో అయిపోయిందిగా!" అని వాళ్ళమ్మ గోల. కాదు, అది వేరేదట. ఆ తర్వాత ఒక ఆడిటర్ దగ్గర పని నేర్చుకుని, ఆఖరున ఫైనల్ రాయాలట. విన్నకొద్దీ నా బుర్ర తిరిగిపోయింది.

కుసుమ రాత్రీ పగలూ నన్ను నొక్కేది. నా జవాబు పుస్తకంలో జవాబుతో చాలాసార్లు కలిసేది కాదు. "ఎక్కడో నేనే తప్పు నొక్కి ఉంటాను" అని మళ్ళీ నొక్కేది. నేను మళ్ళీ అదే చెప్పేదాన్ని. మాట మార్చే అలవాటు నాకు లేదు. చివరికి ఫౌండేషన్‌లో లెక్కల పేపరు పోయింది. నాకు లెక్కలు రావమ్మా అని ఏడ్చింది. ఈసారి కూడా పోతే చదువు మానేసి మావయ్య కొట్టులో కూర్చోవాలని ఇంట్లో తేల్చేశారు.

రెండోసారి పరీక్షకు నన్నే తీసుకెళ్ళింది. ఎనిమిది శాతానికి రెండేళ్ళ చక్రవడ్డీ లెక్క. ఒకటి పాయింటు సున్నా ఎనిమిదిని దానితోనే గుణించమంది. ఒకటి అన్నాను. ఎప్పటిలా మళ్ళీ నొక్కుతుందనుకున్నాను. నొక్కలేదు. నావైపు అలా చూస్తూ ఉండిపోయింది.

"రెండేళ్ళు వడ్డీ పడ్డాక కూడా అసలు అసలులాగే ఉంటుందా?" అని గొణుక్కుంది.

నన్ను పక్కకు నెట్టేసి, పెన్ను తీసుకుని, పేపరంతా చేత్తోనే చేసింది. అవమానం కన్నా అయోమయం ఎక్కువైంది నాకు. ఇన్నాళ్ళూ చెప్పిన జవాబే చెప్పాను. ఇవాళే ఏం తేడా చేసింది?

ఇంటికొచ్చి మావయ్యను నిలదీసింది. ఆయన తాపీగా నా నుదుటి మీద మీట చూసి, "ఓస్, సున్నా మీదే ఉంది కదే! చిల్లర మనకెందుకని నేనే పెట్టాను" అన్నారు.

కుసుమ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఫలితాలొచ్చిన రోజు వాళ్ళమ్మ సంతోషం పట్టలేక ముందు నా మీదే పడింది. "పాసయ్యావుగా, ఇంక ఈ పాడు మిషన్ని అవతల పారెయ్యవే!"

"ఉండనీ అమ్మా" అంది కుసుమ. "దీని మాట విని నాకు లెక్కలు రావనుకున్నాను. ఇంకెవరైనా ఆ మాటంటే దీన్ని చూసుకుంటాను."

పుస్తకాల పక్కన నన్ను జాగ్రత్తగా పెట్టుకుంది. ఇది మెచ్చుకోలో, శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు.