పల్లేరు మలుపు

సముద్రం మీద పొగమంచు ఇంకా విడలేదు. హెస్టర్ అప్పటికే ఊరికి మూడు కిలోమీటర్ల అవతల, ఉప్పుకయ్య పక్కనున్న మలుపులో, పొదపుల్లల చీపురుతో సైకిళ్ళ దారి ఊడుస్తోంది. చుట్టాలొస్తుంటే వాకిలి ఊడ్చుకోని ఆడది ఆ ఊళ్ళో లేదు. కాకపోతే ఈ వాకిలి కాస్త దూరం, అంతే.

ఆ మలుపులో జానెడు లోతున మెత్తటి ఇసుక పేరుకుంది. కూతురు వెరెన్సియా సైకిలు అందులో జారుతుంది, పిల్ల తల రాయికి తగులుతుంది, అంబులెన్సు వచ్చేసరికి... ఆ పైన ఊహ ఎక్కడిదాకా పోతుందో హెస్టర్‌కే తెలుసు. వారం నుంచీ ఆ ఇసుకే కళ్ళముందు ఆడుతోంది. కింద గట్టి నేల బయటపడేదాకా ఊడ్చి, పాడుబడ్డ చేపల కొట్టం గోడకి చీపురు ఆనించి, నడుం పట్టుకుని హమ్మయ్య అనుకుంది. ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చేసింది.

ఇంటి ముందు వెరెన్సియా టైర్లు నొక్కి చూస్తోంది. పిల్లకి పంతొమ్మిదేళ్ళు. రేవు నుంచి లైట్‌హౌస్ దాకా పన్నెండు కిలోమీటర్ల దారి, గుట్ట అనేది చివర్లో ఒక్కటే. వేసవంతా ఆగ్నేయపు గాలి మనిషిని సైకిలుతో సహా ఎత్తి కుదేస్తుంది. ఋతువులు తలకిందులుగా నడిచే ఆ దక్షిణపు కొసన ఏప్రిల్‌లో శరత్తు రాగానే గాలి తగ్గి, చలివానలు మొదలయ్యేదాకా ఆ దారి చంటిపిల్లల దారి. అందుకే సైకిళ్ళ సంఘం వాళ్ళు దారి చూపే ఉద్యోగానికి వెరెన్సియాకి ఆ రోజునే పరీక్ష పెట్టారు. పట్నం నుంచి వచ్చే ఆరుగురు పెద్దవాళ్ళని పన్నెండు గంటల్లోపు లైట్‌హౌస్ చేర్చాలి. అందరూ ఎవరి సైకిలు వాళ్ళే తొక్కుతూ చేరాలి. మధ్యలో బండి కావాలని ఫోను చేస్తే ఆ ఉద్యోగం పక్క ఊరి కుర్రాడికి పోతుంది. ముందు వెరెన్సియా, అందరికన్నా వెనక కాపు కాస్తూ ఇంకొకరు ఉండి తీరాలి.

"నెవిల్ పడవెక్కేశాడమ్మా," అంది వెరెన్సియా, తల ఎత్తకుండా.

వెనక కాపు నెవిల్. హెస్టర్ తమ్ముడి కొడుకు. స్నూక్ చేపల గుంపు వచ్చిందంటే, చర్చిలో ఉంగరం తొడగబోతున్న పెళ్ళికొడుకైనా ఆ ఊళ్ళో నేలమీద నిలవడు. హెస్టర్ మొగుడు ముందురోజే వెళ్ళాడు.

"మరి ఎట్లాగే?"

"నువ్వు రావాలి."

"నేనా! సైకిలెక్కి ముప్పై ఏళ్ళయింది. పడి తుంటి విరిగితే?"

"విరగదు. అది చంటిపిల్లలు తొక్కే దారి."

"చంటిపిల్లలకి ఎముకలు మెత్తన."

"అమ్మా." వెరెన్సియా ఇప్పుడు తలెత్తింది. ఆ కళ్ళలో నీళ్ళు లేవు, అడగడం మాత్రమే ఉంది. నీళ్ళుంటే హెస్టర్ తిట్టి తప్పించుకునేదే.

చిన్నప్పుడు నాన్న ఎండుచేపల సైకిలు మీద మూడు ఊళ్ళు తిరిగిన కాళ్ళు అవి. ఎక్కగానే కాళ్ళకి గుర్తొచ్చింది గాని గుండెకి రాలేదు. వీపు మీద సంచిలో వెనిగర్ సీసా, గుడ్డపట్టీలు, ఈల, పంచదార పొట్లం, ఎర్ర టీ ఫ్లాస్కు, వల కోసే కత్తి, తాడు.

"యుద్ధానికి పోతున్నట్టున్నావు," అంది వెరెన్సియా.

"యుద్ధానికెళ్ళేవాళ్ళకి కనీసం ముందు చెప్తారు."

తొమ్మిదింటికి బయల్దేరారు. మంచు విడి, నీలం ఆకాశం తేలి, ఎండ కాసింది. దారి పక్కన ఆకన్నదే లేకుండా నేలలోంచి ఎర్రపూలు పొడుచుకొచ్చాయి. వచ్చినవాళ్ళలో ఎజ్రా అని రిటైరైన మాస్టారు ఒకాయన, డెబ్భై రెండేళ్ళవాడు, వెనక్కి తిరిగి, "ఏమ్మా హెస్టర్, మేం పోతే నువ్వు ఏరుకోవడానికేనా అంత సంచి?" అన్నాడు.

"నోరు మంచిదవ్వాలి మాస్టారూ, ముందు రోడ్డు చూడండి!"

మలుపు వచ్చింది. ఊడ్చిన నేల నున్నగా ఉంది. వెరెన్సియా జారకుండా దాటడం చూసి హెస్టర్ లోలోపల పొంగిపోయింది. అంతలో ముందునుంచి బుస్సుమంది. వెంటనే ఇంకోటి. అందరూ దిగి చూసుకునేసరికి అయిదు చక్రాలు నేలకి అతుక్కుపోయాయి. హెస్టర్ సైకిలు వెనకబడి బతికిపోయింది.

వెరెన్సియా మోకాళ్ళ మీద కూర్చుని ఒక టైరులోంచి పల్లేరు కాయ పీకింది. మూడు కొమ్ముల ముల్లు, శరత్తులో ఎండి మేకులా గట్టిపడినది. టైరుకి ఏడెనిమిది ఉన్నాయి.

"నిన్న సాయంత్రం చూసెళ్ళాను. ఇక్కడ అంతా ఇసుకే," అంది. "పొద్దున్న మళ్ళీ వచ్చి చూడాల్సింది. తప్పు నాదే."

హెస్టర్ నేల చూసింది. తన చీపురు గీతలు వరసగా ఉన్నాయి. ఇసుక పోయింది గాని అడుగునున్న ముళ్ళు నేలని పట్టుకుని మిగిలాయి. మెత్తటి ఇసుకలో ముల్లు చక్రం కింద దిగబడిపోతుంది. గట్టి నేల మీద నిలబడి పొడుస్తుంది. తన చిన్నప్పుడు తెలిసిన సంగతే, భయంలో మర్చిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చీపురు గీతలకి నోరు లేదు. తను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ పిల్ల తల వంచుకుని కూర్చుంది.

"తప్పు నీది కాదే. ఇసుక నేను ఊడ్చాను. తెల్లారకముందే వచ్చి."

అందరూ ఆమెకేసి చూశారు. వెరెన్సియా చేతిలోని ముల్లు పారేసి లేచింది.

"చీకట్లోనా? పాములుంటాయని పెరట్లోకే రావు నువ్వు!"

"పాములకీ భయపడ్డాను. నువ్వు పడతావని అంతకన్నా భయపడ్డాను."

వెరెన్సియా నవ్విందో ఏడ్చిందో తెలియని శబ్దం చేసింది. తన దగ్గరున్నవి రెండు ట్యూబులు. అతుకులు వేద్దామంటే కన్నాలు ఎక్కువ. మూడు చక్రాలు మిగిలిపోతాయి. జేబులోంచి ఫోను తీసింది. "బండి పిలవాల్సిందే."

హెస్టర్ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగవే. మా నాన్న సైకిలుకి పదేళ్ళు గాలే లేదు."

"మరి?"

"వల."

కొట్టంలో పాత వలలు గుట్టగా పడున్నాయి. హెస్టర్ కత్తితో మూరల లెక్కన కోసి పడేసింది. వెరెన్సియా ఇనప రేకులతో టైరు అంచు లేపి ట్యూబు లాగేసింది. తల్లి వలని తాడులా మెలిపెట్టి, బొటనవేలితో కుక్కింది. "సందు ఉండకూడదు, సందుంటే లోపల కదిలి ఊడొస్తుంది. ఇంకా! ఇంకా కుక్కు! స్నూక్ కడుపు నింపుతున్నట్టు కాదు, సంచి కట్టేముందు ఉప్పు దట్టించినట్టు." కాసేపటికి పట్నపువాళ్ళూ చొక్కా చేతులు పైకి మడిచి పనిలో దిగారు.

"చక్రంలో వల వేశారు సరే, చేప ఎప్పుడు పడుతుంది?" అన్నాడు ఎజ్రా.

"పడింది. డెబ్భై రెండేళ్ళ చేప," అంది హెస్టర్. అలా ఎదురు మాట అని తనే ఆశ్చర్యపోయింది.

పదీ నలభైకి మళ్ళీ కదిలారు. వల నింపిన చక్రాలు బరువు. ప్రతి గులకరాయీ ఎముకల్లో పలుకుతోంది. హెస్టర్ వెనకనుంచి ఈల ఊదుతూ, "ఎజ్రా మాస్టారూ, ఆగకండి! ఆగితే మళ్ళీ కదలదు!" అని అరుస్తోంది. దారిలో పడిపోవడం, గుండెపోటు, సముద్రం పొంగడం, అన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. కానీ తలుచుకుంటూనే తొక్కింది. అదే కొత్త.

చివరి గుట్ట దగ్గర ఎజ్రా వేగం తగ్గింది. హెస్టర్ పక్కకొచ్చి, "పంచదార నోట్లో వేసుకోండి. పైన టీ ఉంది," అంది. ఆయన వేసుకున్నాడు. ఎక్కాడు.

లైట్‌హౌస్ గుమ్మంలో సంఘం పెద్ద ఫెలిసిటీ అబెల్స్ గడియారం చూసుకుంటూ నిలబడింది. వెరెన్సియా చేరింది. ఒకరి వెనక ఒకరు ఆరుగురూ చేరారు. పన్నెండుకి రెండు నిమిషాలుండగా, బెల్లు మోగించుకుంటూ, హెస్టర్ గుమ్మం ముందు గీసిన గీత దాటింది.

ఫెలిసిటీ వంగి ఎజ్రా టైరు నొక్కింది. "ఇందులో గాలి లేదే!"

"లేదండీ. వల ఉంది," అంది వెరెన్సియా, గడ్డం పైకెత్తి.

ఫెలిసిటీ ఇంకోసారి నొక్కింది. "బండి పిలవకూడదని రాశాం. గాలి ఉండాలని రాయలేదు." దారి చూపేవాళ్ళు తొడిగే పసుపు చొక్కా మడత విప్పి వెరెన్సియా భుజాల మీద వేసింది. ఆరుగురూ ఒక్కసారి అరిచారు. ఒడ్డున కొంగలన్నీ లేచిపోయాయి.

హెస్టర్‌ని ఇంటిదగ్గర దింపడానికి సంఘం బండి సిద్ధంగా ఉంది. ఆమె డ్రైవర్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఆ అబ్బాయి ఎలా తోలుతాడో నాకు తెలుసు. సైకిలే నయం."

తిరుగుదారిలో తల్లీకూతుళ్ళిద్దరే. మలుపు ముందే దిగి, ముళ్ళ నేల దాకా నడిచి, హెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుంది. పొద్దున్న పక్కకి నెట్టిన ఇసుకని రెండు చేతులా దారి మీదికి తోసింది. వెరెన్సియా కాళ్ళతో తోసింది. జానెడు లోతు అయ్యాక హెస్టర్ వెనక్కి వెళ్ళి సైకిలెక్కింది.

"అమ్మా, అందులో జారతావేమో!"

"జారితే జారతాను," అంది హెస్టర్. హేండిల్ అటూ ఇటూ ఊగింది. చక్రం ఇసుకలో కూరుకుని, తేలి, అవతల గట్టి నేల పట్టుకుంది. వెనక్కి చూడకుండా బెల్లు కొట్టింది.